చందమామ మీదికి పోయిన కుట్టు

మా చిన్నది ఎనిమిదో తరగతి చదువుతోంది. మొన్న జూలైలో వాళ్ళ స్కూల్లో చంద్రుడి మీద చిన్న ప్రదర్శన పెట్టారు. మనుషులు చంద్రుడి మీద మొదటిసారి కాలు పెట్టింది జూలైలోనే కదా, అందుకని. పిల్లలు తలా ఒకటి తీసుకున్నారు. ఒకరు రాకెట్టు, ఒకరు చంద్రుడి మట్టి, ఒకరు మన చంద్రయాన్. మా పిల్ల ఇంటికొచ్చి, "అమ్మా, నేను వాళ్ళేసుకున్న బట్టలు తీసుకున్న. బొమ్మకు నువ్వే కుట్టియ్యాలె" అన్నది.

నేను యూనిఫాంలు కుట్టే షెడ్డులో పనిచేస్తాను. వేరే ఊళ్ళల్లో ఉండి మన పత్రిక చదివేవాళ్ళ కోసం చెప్తున్నా. సోలాపూర్ పూర్వభాగంలో మా తాతలు మిల్లులో చేశారు, తర్వాతి వాళ్ళు సాంచాల మీద చేశారు. ఇప్పుడు ఆడవాళ్ళకు బీడీలు, లేకపోతే కుట్టు మిషను. మా షెడ్డులో ఐదుగురం. పీసు లెక్కన కూలి. జూన్ నడుమ స్కూళ్ళు తెరిచినా జూలై దాకా ఆర్డర్లు వస్తూనే ఉంటాయి. ఆ తొందరలో ఈ పిల్ల చందమామ బట్టలంటే నాకు విసుగొచ్చింది. "నాకేం తెలుసే? అవి పెద్ద పెద్ద మిషన్ల మీద చేస్తరు" అన్నాను.

"లేదమ్మా. మీలాంటోళ్ళే కుట్టిండ్రు. సింగర్ మిషన్ మీద" అని వాళ్ళ సారిచ్చిన మరాఠీ కాగితాలు నా ముందర పెట్టింది. ఒక ఫోటో ఉంది. కళ్ళద్దాల ఆడమనిషి, మిషను ముందు వంగి కూర్చుంది. చేతి కింద తెల్లగా మెరిసే పెద్ద బట్ట. ఆమె పేరు హేజల్ ఫెలోస్. ఆమె మెడ వంచిన తీరు చూస్తే మా షెడ్డులో ఎవరో కూర్చున్నట్టే ఉంది. అప్పుడు మొదలైంది నాకు ఆసక్తి. పిల్ల మరాఠీలో చదివి తెలుగులో చెప్పేది. నేను వంట చేస్తూ వినేదాన్ని. మా ఆయన సాంచా నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఆయనా వినేవాడు.

ఆ బట్టలు చేసిన కంపెనీ ఏమిటో వింటే మా వదినెలు నవ్వాపుకోలేకపోయారు. అమెరికాలో డెలావేర్ రాష్ట్రం, డోవర్ అనే ఊరు. అక్కడ ఇంటర్నేషనల్ లేటెక్స్ కార్పొరేషన్ అనే రబ్బరు కంపెనీ. అది ప్లేటెక్స్ పేరు మీద ఆడవాళ్ళ బాడీలు, నడుము బిగించే రబ్బరు గిర్డిళ్ళు, పసిపిల్లల లంగోటీ మీద తొడిగే రబ్బరు నిక్కర్లు అమ్మేది. ఆ కంపెనీలోనే ఒక చిన్న భాగం చంద్రుడి సూటుకు పోటీ పడింది. 1965లో నాసా మూడు కంపెనీల సూట్లను పక్కపక్కన పెట్టి పరీక్ష చేసింది. మిగతా రెండూ విమానాలకు సంబంధించిన పనుల్లో పేరున్నవి. గెలిచింది మాత్రం ఈ బాడీల కంపెనీ. ఒంటికి అతుక్కోవాలి, వంగితే వంగాలి, రబ్బరు పగలకూడదు అనే పని వాళ్ళకు ముందే చేతికొచ్చింది. రోజూ చేసే పనే కదా.

ఇక ఆ సూటు సంగతి. లోపలి నుంచి బయటికి చెప్తాను, మనం అస్తరు నుంచి మొదలుపెట్టినట్టు.

చంద్రుడి మీద గాలి లేదు. గాలి ఒత్తిడి లేకపోతే ఒంట్లో నీళ్ళు మరిగి ఆవిరవుతాయి, మనిషి కొద్ది క్షణాల్లో స్పృహ తప్పుతాడు. ఎండ పడేచోట వేడి 120 డిగ్రీల దాకా పోతుంది. ఎండ లేని చోట సున్నా కిందికి నూరు డిగ్రీలు దాటి పడిపోతుంది. పైనుంచి ఇసుక రేణువంత రాళ్ళు తుపాకి గుండుకన్నా జోరుగా వచ్చి తగలొచ్చు. వీటన్నిటికీ మనిషికీ మధ్య ఉండేది బట్టే. గోడ లేదు, కప్పు లేదు.

అన్నిటికన్నా లోపల, ఒంటికి ఆనుకుని, బనియను లాంటి అల్లిక బట్ట. దాని మీద సన్నని ప్లాస్టిక్ గొట్టాలు తిప్పితిప్పి కుట్టారు. అన్నీ కలిపి దాదాపు 90 మీటర్ల గొట్టం. అందులో చల్లనీళ్ళు తిరుగుతూ ఉంటాయి. ఎందుకంటే అన్నివైపులా మూసేసిన బట్టలో మనిషి తన ఒంటి వేడికి తానే ఉడికిపోతాడు. 1966లో జెమిని 9 యాత్రలో యూజీన్ సెర్నన్ అనే ఆయన ఓడ బయటికి వచ్చి పనిచేస్తుంటే, అప్పటి సూటులో గాలి తప్ప నీళ్ళు లేవు. చెమట పట్టి, హెల్మెట్ అద్దం మసకబారి, ఆయనకు కళ్ళు కనబడలేదు. మే నెలలో రేకుల షెడ్డు కింద పనిచేసే మనకు ఈ సంగతి ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

ఆ నీళ్ళను చల్లబరిచేది వీపు మీద మూటలో ఉంటుంది. అదెట్లా అని పిల్లను అడిగితే, "మన కుండ లెక్కనే అమ్మా" అన్నది. కుండ చెమర్చి, ఆ చెమ్మ ఆవిరై పోతుంటే లోపలి నీళ్ళు చల్లబడతాయి. అక్కడ కొంచెం నీళ్ళను బయటి శూన్యంలోకి వదిలితే గడ్డకట్టి, ఆ గడ్డ నేరుగా ఆవిరైపోతూ వేడిని పట్టుకుపోతుంది. ఆ మూటలోనే ప్రాణవాయువు, రేడియో, బ్యాటరీ. విడిచిన ఊపిరిలోని చెడుగాలిని పట్టుకునే లిథియం హైడ్రాక్సైడ్ డబ్బా కూడా అందులోనే.

ఒకటికి రెండుకు ఏం చేస్తారని మా పెద్దవదినె అడిగింది. అందరికీ ఆ అనుమానం ఉంటుంది, అడగడానికే సిగ్గు. మూత్రానికి రబ్బరు సంచి ఉంటుంది. రెండోదానికి పీల్చుకునే లోనిక్కరు, పసిపిల్లల డైపరు లాంటిదే. చంద్రుడి మీద నడిచిన వీరులంతా అది తొడుక్కున్నవాళ్ళే.

నీళ్ళ బనియను మీద గాలి నిలిపే పొర. నైలాను బట్టకు నియోప్రీన్ రబ్బరు పూత. ఇందులో ప్రాణవాయువు నింపుతారు. మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడిలో నాలుగో వంతే ఉంచుతారు, ఎక్కువ నింపితే సూటు మొద్దులాగ బిగుసుకుపోతుంది. దాని మీద గట్టి నైలాను పొర. సైకిల్ చక్రంలో ట్యూబు, టైరు ఎట్లాగో ఇదీ అంతే. ట్యూబు గాలి పట్టుకుంటుంది, టైరు దాన్ని ఉబ్బిపోకుండా ఆపుతుంది.

కానీ గాలి కొట్టిన టైరును మోచేయిలాగ వంచగలమా? సూటు చేసేవాళ్ళకు పెద్ద చిక్కు ఇదే. గాలి నిండిన బట్ట తిన్నగా నిలబడాలని చూస్తుంది. చేయి వంచిన ప్రతిసారీ దానితో కుస్తీ పట్టాలి. అందుకని భుజం, మోచేయి, మోకాలు దగ్గర రబ్బరును మడతలు మడతలుగా పోతపోశారు. మన భజన మందిరంలో హార్మోనియం తిత్తి మడతలు చూడండి, అట్లా. ఒకవైపు మడతలు ముడుచుకుంటే ఇంకోవైపు విచ్చుకుంటాయి, లోపలి జాగా మారదు. రబ్బరు ద్రావకంలో అచ్చు ముంచి తీసే ఆ పని గిర్డిళ్ళ కంపెనీకి అలవాటే.

వాటి మీద వేడికి, రాళ్ళకు అడ్డం పడే పొరలు. చిప్స్ ప్యాకెట్ లోపల మెరిసే పొర లేదూ, అట్లాంటి అల్యూమినియం పూత పల్చని మైలార్ పొరలు ఐదు. ఒకదానికొకటి తగలకుండా నడుమ డాక్రాన్ పొరలు. తర్వాత కాప్టాన్ అనే ఇంకో రకం పొరలు. అన్నీ లెక్కపెడితే లోపలి నుంచి బయటిదాకా 21 పొరలు. ఐదు పొరల కాలరు కుట్టేటప్పటికే మాకు సూది మొరాయిస్తుంది. మెరిసే జారుడు పొరలు, ఒకటి ఇటు జరిగితే ఒకటి అటు జరుగుతుంది. అవన్నీ సమంగా పట్టి, చేతులకు, కాళ్ళకు గుండ్రంగా తిప్పి కుట్టాలి.

అన్నిటికన్నా పైన ఉన్నది తెల్లటి బీటా గుడ్డ. దీని వెనుక ఒక దుఃఖం ఉంది. 1967 జనవరి 27న అపోలో 1 ఓడను నేల మీదే పరీక్ష చేస్తుండగా లోపల మంటలు లేచాయి. గస్ గ్రిసమ్, ఎడ్ వైట్, రోజర్ చాఫీ, ముగ్గురూ పోయారు. లోపల నిండా ప్రాణవాయువే, తలుపు తొందరగా తెరుచుకోలేదు. అప్పటి సూట్ల పై గుడ్డ నైలాను. నైలాను మంటకు ఎట్లా ముద్దయిపోతుందో మనకు తెలుసు. ఆ తర్వాత పై గుడ్డ మార్చేశారు. గాజును తలవెంట్రుకలో పదో వంతు కన్నా సన్నగా తీసి, ఆ పోగులకు నాన్‌స్టిక్ పెనానికి వేసే టెఫ్లాన్ పూత పూసి నేశారు. మంట అంటదు. కరగాలంటే 650 డిగ్రీలు దాటాలి.

ఇది విన్నాక మా ఆయన అన్నం కలుపుతూ ఆగిపోయాడు. ముప్పై ఏళ్ళుగా టవళ్ళు నేసే మనిషి. "గాజు పోగా? పడుగు తెగకుండ ఎట్ల నేసిండ్రు?" అన్నాడు. ఆ రాత్రి చాలాసేపు అదే మాట. పూత లేకపోతే పోగుకు పోగు రాసుకుని పొడి అయిపోతుందనీ, అందుకే టెఫ్లాన్ అనీ తనకు తానే చెప్పుకున్నాడు.

చేతి తొడుగులకు ఒక్కొక్కరి చేతి అచ్చు తీసుకున్నారు. పైన ఉక్కు, క్రోమియం కలిసిన తీగతో నేసిన బట్ట, వేళ్ళ కొసలకు సిలికాన్ రబ్బరు, పట్టుకున్నది తెలియడానికి. సూట్లు కూడా ఎవరి కొలత వాళ్ళకే. యాత్రకు పోయే ఒక్కొక్కరికి మూడు సూట్లు. ఒకటి అభ్యాసానికి, ఒకటి ప్రయాణానికి, ఒకటి పక్కన పెట్టడానికి. వాళ్ళకు బదులు సిద్ధంగా ఉండే ముగ్గురికి రెండేసి. అంటే యాత్రకు 15 సూట్లు. వీపు మూటతో కలిపి సూటు బరువు భూమి మీద 82 కిలోల దాకా. చంద్రుడి మీద అది ఆరో వంతు, దాదాపు 14 కిలోలు మోసినట్టు ఉంటుంది.

ఇప్పుడు కుట్టిన ఆడవాళ్ళ సంగతి. ఎలనార్ ఫోరేకర్ అనే ఆమె కుట్టు పనికి పెద్దగా ఉండేది. చాలామంది బాడీలు, పసిపిల్లల నిక్కర్లు కుట్టే లైన్ల నుంచి వచ్చినవాళ్ళే. అక్కడ చకచకా కుట్టడం అలవాటు. ఇక్కడ కుట్టు గుండుసూది తలంత పక్కకు పోయినా ఆ ముక్క తీసి పక్కన పెట్టేవాళ్ళు. మిషన్లను నెమ్మది చేశారు, కొన్నిచోట్ల ఒక తొక్కుడుకు ఒకే కుట్టు. ప్రతి ముక్కకు కాగితం ఉండేది. ఏ బట్ట ఏ తానులోది, ఎవరు కుట్టారు, ఎవరు చూశారు అన్నీ రాసేవాళ్ళు. 1967లో ఒక సూటు పొరల నడుమ ఒక గుండుసూది దొరికింది. అంతే, కుట్టే చోటనే ఎక్స్‌రే మిషను తెచ్చిపెట్టారు. కుట్టిన సూటును, విరిగిన కాలును చూసినట్టు, ఎక్స్‌రే తీసి చూసేవాళ్ళు. చిన్న సూది గాలి పొరకు రంధ్రం చేస్తే అక్కడ మనిషి ఉండడు. ఆ భయం వాళ్ళు ఇంటికి కూడా తీసుకుపోయేవాళ్ళట. ఆ పని ఒత్తిడి తమను ఎంత బాధపెట్టిందో పెద్దవయసులో చెప్పుకున్నారు.

ఈ ఎక్స్‌రే సంగతి మా పిల్ల చదివిన రాత్రికి ముందు పగలు ఏం జరిగిందో చెప్పాలి. ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను.

ఆ రోజు మధ్యాహ్నం చిన్నపిల్లల చొక్కాలకు కాలర్లు వేస్తున్నాను. ఒకటో తరగతి సైజు. కాలరు మూల దగ్గర, కాన్వాసు మందంగా ఉన్నచోట, టక్కున సూది విరిగింది. పైముక్క మిషనులోనే ఉంది. నడిమి ముక్క ఒళ్ళో పడింది. మొన మాత్రం దొరకలేదు. మిషను కింద చూశాను, చాప దులిపాను. సాయంత్రానికి ఆరు డజన్లు ఇవ్వాలి, పొద్దున్నే టెంపో వస్తుంది. కింద ఎక్కడో పడి ఉంటుందిలే అనుకుని, కొత్త సూది వేసుకుని కుట్టేశాను. చొక్కాలు మడతపెట్టి, డబ్బాల్లో పెట్టి, టేపు కూడా వేసేశారు. ఎవరికీ చెప్పలేదు.

నిజం చెప్పాలంటే సూది విరగడం కొత్త కాదు. ఇరవై ఏళ్ళలో ఎన్ని విరిగాయో. మొన దొరకని రోజులు కూడా ఉన్నాయి. ఆ రోజుల్లో ఏం చేశాను? ఇట్లాగే చేశాను. పీసు లెక్కన కుట్టేవాళ్ళకు వెతకడమంటే తమ కూలి తామే కోసుకోవడం.

రాత్రి పిల్ల చదివింది. "అమ్మా, ఒక్క గుండుసూదికి ఎక్స్‌రే మిషన్ తెచ్చిండ్రట." నేను చపాతి కాలుస్తున్నా. ఏమీ అనలేదు. "మీ షెడ్డుల సూది పడితే ఏం జేస్తరు?" అని అడిగింది, ఊరికేనే. నేను "వెతుకుతం" అన్నాను. ఆ ఒక్క మాట అబద్ధం. పడుకున్నాక నిద్ర పట్టలేదు. ఆరేళ్ళ పిల్లవాడు కొత్త చొక్కా తొడుక్కుని, మెడ మీద చేయి పెట్టుకుని ఏడుస్తున్నట్టు ఒకటే ఆలోచన. చందమామ మీద మనిషికైతే ఎక్స్‌రే. మన గల్లీ పిల్లవాడికి ఏముంది? నేనే ఉన్నా.

ఆరింటికే షెడ్డుకు పోయి సేఠ్ వచ్చేదాకా నిలబడ్డాను. చెప్పాను. ఆయన నోటికొచ్చినట్టు తిట్టాడు. "నిన్ననే ఎందుకు చెప్పలే?" అన్నాడు. అది నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. టెంపోను ఆపారు. డబ్బాలు విప్పారు. మా ఆయన పాత స్పీకరు నుంచి ఊడదీసిన అయస్కాంతం పట్టుకొచ్చాడు. ఐదుగురం కూర్చుని ఒక్కొక్క కాలరు మీద దాన్ని మెల్లగా జరుపుతూ పోయాం. 72 చొక్కాలు. యాభై దాటాక ఒక కాలరు దగ్గర అయస్కాంతానికి చిన్న పట్టు తగిలింది. కుట్టు విప్పితే కాన్వాసు కింద ఉంది, బియ్యపు నూకంత మొన. తీసి నా అరచేతిలో పెట్టారు. ఎవరూ ఏం మాట్లాడలేదు.

సరుకు మధ్యాహ్నం పోయింది. ఆ పూట కూలి ఐదుగురికీ పోయింది. తప్పు చేసింది నేను, నష్టం అందరికీ. పెద్దవదినె వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆమె ఇంట్లో ఆ వారం గ్యాసు బండ తెచ్చుకోవాల్సి ఉండె. ఆమె కోపం నాకు అర్థమైంది. సేఠ్ ఆ పూట కూలి ఇవ్వలేదు. కానీ గోడకు ఒక డబ్బా తగిలించాడు. సూది విరిగితే అన్ని ముక్కలూ అందులో వేస్తేనే కొత్త సూది. ముక్క దొరక్కపోతే ఆ లాటు ఆపి చూడాలి. నేనొక మాట అడిగాను: "వెతికే టైముకు కూలి ఎవరిస్తరు సేఠ్?" దానికి జవాబు ఇంకా రాలేదు. అడుగుతూనే ఉన్నాం.

డోవర్ ఆడవాళ్ళ గురించి నేను ఎక్కువ ఆలోచించింది ఇదే. వాళ్ళ చేతులు మన చేతుల కన్నా గొప్పవేమీ కావు. వాళ్ళూ ముందు రోజు దాకా గబగబా నిక్కర్లు కుట్టినవాళ్ళే. అదే చేతులతో తప్పు లేకుండా కుట్టగలిగారంటే, నెమ్మదిగా కుట్టమని చెప్పినవాళ్ళు ఉన్నారు, తప్పు పట్టుకునే మిషను ఉంది, పాడైన ముక్కను తీసి పక్కన పెట్టడానికి మళ్ళీ బట్ట ఉంది. మాకు తప్పు చేయొద్దంటారు, తొందరగా చేయమంటారు. రెండూ ఒకే నోటితో అంటారు.

బొమ్మ సూటు చివరికి కుట్టాను. ఆదివారాలు రెండు పట్టాయి. బనియను ముక్క మీద సెలైన్ గొట్టం తిప్పి కుట్టాను. పాత గొడుగు గుడ్డ, చిప్స్ ప్యాకెట్లు, దోమతెర, మా ఆయన తెచ్చిన తెల్ల కాటన్. మొత్తం తొమ్మిది పొరలకే నా మిషను చేతులెత్తేసింది, మిగిలినవి చేత్తో కుట్టాను. ఛాతీ మీద నీలం గుండీలు, ఎర్ర గుండీలు పెట్టమని పిల్ల పట్టుపట్టింది. గొట్టాలు తగిలించే చోట నీలం లోపలికి వచ్చేదానికి, ఎరుపు బయటికి పోయేదానికి గుర్తట. హెల్మెట్ ముందు బంగారు రంగు కాగితం అంటించాం. అసలుదానికి నిజం బంగారమే పల్చగా పూశారు, ఎండ కళ్ళకు కొట్టకుండా.

ప్రదర్శనకు మా మామను కూడా తీసుకుపోయాం. 1969లో ఆయనకు పదిహేడేళ్ళు, మిల్లులో బద్లీ పని. జూలై 21 సోమవారం, మన టైము ప్రకారం పొద్దున ఎనిమిదిన్నర ప్రాంతంలో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద కాలు పెట్టాడు. ఆయన వెనక బజ్ ఆల్డ్రిన్. ఇద్దరూ బయట ఉన్నది రెండున్నర గంటలు. మిల్లు గేటు ముందర చాయ్ హోటల్ రేడియోలో ఆ వార్త విన్నానని మామ ఎప్పుడూ చెప్తుంటాడు. అప్పుడు పక్కన నిలబడ్డ ముసలి నేతగాడు ఒకాయన, "ఆళ్ళ అంగీ బట్ట ఏ మిల్లుల నేసిండ్రో" అన్నాడట. అందరూ నవ్వారట.

మా పిల్ల తాతకు పొర పొరా విప్పి చూపించింది. తిరిగి వచ్చేటప్పుడు బరువు తగ్గించడానికి వాళ్ళు పై బూట్లు, వీపు మూటలు అక్కడే పడేసి వచ్చారనీ, అవి ఇప్పటికీ అక్కడే ఉన్నాయనీ చెప్పింది. 1972 డిసెంబర్‌లో అపోలో 17 చివరిది. చెమటతో కళ్ళు కనబడని ఆ సెర్నన్‌గారే, హారిసన్ ష్మిట్‌తో కలిసి మూడు రోజులు చంద్రుడి మీద పనిచేశాడు. రోజుకు ఏడు గంటల చొప్పున. అక్కడి దుమ్ము గాజుపొడి లాంటిది, పై గుడ్డను రాసి రాసి అరగదీసింది, కీళ్ళల్లో దూరింది. అయినా లోపలి పొర గాలి వదల్లేదు. ఆరు యాత్రల్లో పన్నెండుమంది నడిచారు. ఒక్కరి సూటూ ప్రాణం మీదికి తేలేదు.

ఆర్మ్‌స్ట్రాంగ్ సూటు ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. కొద్ది నెలలు నిలిస్తే చాలని చేసిన వస్తువు అది. రబ్బరు పెళుసుబారిపోతుంటే జనం చందాలు వేసుకుని బాగు చేయించారు. 2019లో, యాభై ఏళ్ళకు, మళ్ళీ చూడటానికి పెట్టారు. ఆర్మ్‌స్ట్రాంగ్ పాతికేళ్ళ తర్వాత ఆ సూటు చేసినవాళ్ళకు ఉత్తరం రాశాడు. దాని అందమంతా అది సరిగ్గా పనిచేయడంలోనే ఉంది అన్నట్టు రాశాడు.

మామ అంతా విన్నాడు. తర్వాత బొమ్మ సూటు చేతిలోకి తీసుకుని, చెయ్యి తిరగేసి, కుట్టును గోటితో గీకి చూశాడు. మిల్లులో తాను చూసేవాడట అట్లా. "ఈడ కుట్టు కొంచెం వంకర వోయింది బిడ్డా" అన్నాడు నాతో. చూశాను. నిజమే, చేత్తో కుట్టిన చోట.

మన అక్కచెల్లెళ్ళకు నేను అడిగేది ఒకటే. మీ షెడ్డులో విరిగిన సూదులకు ఒక డబ్బా పెట్టించండి. పాత స్పీకరు అయస్కాంతం చాలు, ఖర్చు లేదు. వెతికిన టైముకు కూలి కూడా అడగండి, నలుగురు కలిసి అడిగితే ఒక్కరిని తిట్టరు. పెద్దవదినె మళ్ళీ మాట్లాడుతోంది. పోయిన సోమవారం ఆమె మిషనులో సూది విరిగింది. ముక్కలన్నీ ఏరి, లెక్కపెట్టి డబ్బాలో వేసి, నావైపు చూసి, "మూడు ఉన్నయి, చూసుకో" అన్నది.